పాలపన్ను

కాశిబుగ్గ బడిల, రెండో తరగతి గదిల,
శనివారం పొద్దున తల్లిదండ్రుల మీటింగు.
పిల్లల బెంచీలల్ల పెద్దోళ్ళు ఇరుక్కుని కూసున్నరు
మోకాళ్ళు గదుమలకు తాకేటట్టు.
రాత్రి వాన వెలిసింది గని రేకుల చూరు ఇంకా కారుతనే ఉంది.

పెద్దసారు పైనుంచొచ్చిన కాగితం సగం చదివిండో లేదో
రాజమొగిలి లేచిండు:
"యార్డుల మిర్చి బస్తాలు మోస్త సారూ.
పొద్దంత ముక్కుకు, మూతికి తువ్వాల.
మాపటీలి అది ఇప్పి, బోరింగు కాడ మొకం కడుక్కున్నంకనే
నేను మల్లా మనిషినయ్యేది.
ఏడేండ్ల పిల్లకు ఇప్పట్నించే నా బతుకెందుకు?"

తాహెరా కూసున్న కాడ్నించే అన్నది, మెల్లగ:
"మా అత్తమ్మకు ఊపిరి మిషన్ల నుంచి వస్తదన్నా.
కరెంటు పోతే విసనకర్ర పట్టుకుని నిలబడత,
దాంతోని ఏం కాదని తెల్సి గూడ.
నీ బిడ్డ పక్కన్నే నా కొడుకు కూసుంటడు.
వాడు ఇంటికి ఎక్కాలే తెస్తడో, ఇంకేమన్న తెస్తడో."

"అంటే, నా బిడ్డ రోగమా?"
"నేనట్లన్ననా?"
"మరెట్లన్నవ్?"

అక్కడ్నించి ఎవరి మాట ఎవరిదో తెల్వలే.
ఒక్క స్కూటర్ మీద వచ్చిన సుగుణాకర్, హైమ
బల్లకు చెరో దిక్కు నిలబడ్డరు.
గాలాడక పిల్లగానికి తలకాయ నొస్తుందని ఆయన.
ఆ నొప్పి ఫోన్ జూసి, అది గూడ మీ ఫోనే అని ఆమె.
ఎవరో వాట్సాప్‌ల ఒక డాక్టరును మాట్లాడించిండ్రు,
వెనక బెంచి నుంచి ఇంకో డాక్టరు లేచిండు.

నన్నెవ్వరూ అడగలే.
అడిగితే ఏం చెప్పేదాన్నో నాకూ తెల్వదు.
'ళ' నేర్పాలంటే నాలుక అంగిట్లకు మడిచి చూపాలె,
గుడ్డ వెనక మడిస్తే ఎవలకు కనబడుతది?
మొన్న మంగళారం కిటికీలన్ని తెరిచి,
లెక్కబెట్టుకుని మూడంటే మూడు సార్లు
మాస్కు దించి అన్న: తాళం, గోళీ, పళ్ళెం.
ముప్పై ఒక్క జతల కండ్లు నా నోరు దిక్కు.
ఆ రాత్రి దగ్గొచ్చింది.
పండుకున్న కాడ్నించే ముప్పై ఒక్క ఇండ్లు తిరిగొచ్చిన తెల్లారేదాంక.
వట్టి పొడిదగ్గు. అల్లం నమిలితే పోయింది.
ఇది గూడ ఎవ్వరికీ చెప్పలే.

కిటికీలకెళ్ళి చూస్తే
తాహెరా కొడుకు ఫైజాన్ మాస్కు దోసిట్ల పట్టుకుని
దాంట్లకు చూస్తున్నడు, గూట్ల పిట్టపిల్లను చూసినట్టు.
రాజమొగిలి బిడ్డ నిహస్వి పక్కన్నే గొంతుకూసున్నది.
పన్ను. ముందటి పన్ను.
గుడ్డ చాటున ఎన్నిరోజుల సంది కదిలిందో.

ఊడిన పన్ను పేడల పెట్టి ఇంటి మీదికి ఇసరాలెనట,
నిహస్వి చెప్తున్నది, ముత్తవ్వ లెక్క.
నాలుగు దిక్కులు దేవులాడిండ్రు, పేడ దొరకలే.
నల్ల కాడి బురద ముద్ద జేసి, దాంట్ల పన్ను గుచ్చి,
మాస్కుల మూటగట్టి, చెవి దారాలు ముడేసి ఇసిరిండ్రు.
మొదటిసారి అందలే.

రెండోసారి రేకుల మీద టప్పుమన్నది.
గదిల అందరు ఒక్క గడియ మీదికి చూసిండ్రు.
"కోతులు" అన్నడు పెద్దసారు. మల్ల కాగితం ఎత్తిండు.

బయట వాడు నవ్వుతున్నడు.
అన్నం తినేటప్పుడు నేను జూసింది వాని నోరు,
నవ్వు జూసుడు ఇదే మొదలు.
నడుమ ఒక చిన్న తలుపు తెరిచి ఉన్నది.

నాకు తెల్వకుండనే
బ్యాగుల నుంచి కొత్త మాస్కు తీసిన,
దారాలు సదురుకుంట బయటికి నడిచిన,
గడప కాడ కొద్దిసేపు ఆగిన.